మూడో నంబరు రైఫిల్

లక్డారం,
జులై 6, 1997.

చెల్లె ఆగమ్మకు,

ఉత్తరం మొదట్లో అందరం బాగున్నామని రాయాలని వయోజన విద్య పంతులమ్మ నేర్పింది. ఆ మాట రాయడానికి నాకు చేయి రాదు. రాసిన మర్నాడే ఎవరికైనా జ్వరం వస్తే? అందుకని ఇంతే రాస్తున్నాను. ఈ పొద్దు వరకు ఎవరికీ ఏమీ కాలేదు.

నీ మనవరాలు అనసూజ సోమవారం దిగింది. నారాయణఖేడ్ బస్సు పటాన్‌చెరుకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. నేను బొంబాయి రోడ్డు మీద నిలబడి వచ్చిన ప్రతి లారీని చూసి గుండె పట్టుకున్నాను. పిల్ల మాత్రం నవ్వుకుంటూ దిగింది. "పెద్ద నాయినమ్మా, గింత ఎండల నిలవడ్డవేంది? నాకు తొవ్వ తెల్వదా?" అంది. కాలేజీలో చేర్చాము. నా మనవరాలు కమల గదిలోనే పడుకుంటుంది. రెండు రొట్టెలు తిని చాలంటుంది. నువ్వు అలాగే పెంచావా, నా చేతి వంట దానికి పడటం లేదా, దాచకుండా రాయి. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీచిన రోజు వాసన వస్తుంది, ఆ రోజు కిటికీ మూసేస్తున్నాను.

ఇంకొక సంగతి. మా చెలక భూమి కంపెనీ కిందికి పోయినప్పుడు వాళ్ళు నాకు ఊడ్చే పని ఇచ్చారు కదా. అది వాళ్ళ ఆటస్థలం వెనుక ఉన్న రైఫిల్ రేంజిలో. నువ్వు ఎన్నడూ చూడలేదు. ఒక రేకుల షెడ్డు, దానికి యాభై మీటర్ల దూరంలో మట్టికట్ట, కట్ట ముందు చెక్కలకు అంటించిన కాగితాలు. పిల్లలు చాప మీద బోర్లా పడుకుని ఆ కాగితం మధ్యలో ఉన్న నల్ల చుక్కను కాలుస్తారు. తూటా చిటికెన వేలి కణుపంత ఉంటుంది. చప్పుడు కూడా చిన్నదే, అయినా నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను. మైదాపిండి ఉడికించి కాగితాలు అంటించడం, కాల్చిన ఇత్తడి డొప్పలు ఏరడం, తుపాకుల గది ఊడ్వడం నా పని. కాల్చి వచ్చిన పిల్లల చేతులు చింతపండుతో కడిగిస్తాను, తూటాల సీసం కడుపులోకి పోతే ఎట్లా అని.

మా కమల రెండేళ్ళ నుంచి అక్కడే నేర్చుకుంటోంది. నేర్పేది పాండురంగం సార్, పట్నంలో మిలిటరీ పల్టన్ నుంచి రిటైరైన హవల్దారు. కమలకు మూడో నంబరు రైఫిల్ ఇచ్చాడు.

శనివారం కమల నీ మనవరాలిని వెంట తెచ్చింది. ఊరికే చూస్తుందని. సార్ సరదాకు పది తూటాలు ఇచ్చాడు. పదీ కాల్చాక ఆయన తానే కట్ట దాకా నడిచి వెళ్ళి కాగితం చూసి వచ్చాడు.

"గీ పిల్ల ఇంతకుముందు కాల్సిందా?"

"లే సార్. మా చెలకల పిట్టలను కొట్టే గులేరు తప్ప ఏం పట్టలే," అంది అనసూజ.

కమల చప్పట్లు కొట్టింది. నేను కూడా నవ్వాను. నవ్వినట్టు కనిపించానో లేదో తెలియదు. సోమవారం నుంచి దానిని కూడా రమ్మన్నాడు. ఐదో నంబరు రైఫిల్ ఇస్తాడట. అది కొత్తది.

నీ యారాలు, పెద్దకోడలు,
ముత్యమ్మ


నారాయణఖేడ్,
జులై 15, 1997.

అక్కకు,

నీ ఉత్తరం మా గడప ముందు నలుగురిని కూర్చోబెట్టి చదివి వినిపించాను. గులేరు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే నవ్వు. కమల రెండేళ్ళలో నేర్చింది మా పిల్ల పది తూటాల్లో నేర్చిందా అని కామరాజు పెండ్లాం అడిగింది. నేను అనలేదు. అక్కనే రాసింది, మీరే అర్థం చేసుకోండి అన్నాను.

అనసూజకు చిన్నప్పటి నుంచీ రెండు రొట్టెలే. నీ వంటకు అందులో పాత్ర లేదు. అత్త ఉన్నన్నాళ్ళూ పెద్దకోడలి చేతి కూర అని నీది వడ్డించుకునేది, నా గిన్నె మూత కూడా తీసేది కాదు. ఆ గిన్నె కూర తినే పెరిగింది ఈ పిల్ల. చూడు ఎట్లా కాలుస్తుందో.

కిటికీలు మూయకు. పిల్లకు గాలి కావాలి.

ఆగమ్మ


లక్డారం,
సెప్టెంబర్ 14, 1997.

చెల్లె ఆగమ్మకు,

ఈ ఉత్తరం మూడు రోజుల నుంచి రాస్తున్నాను. పిల్లలు ఇంట్లో లేనప్పుడే రాయాలి కాబట్టి ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నువ్వు కూడా ఇకమీద ఇంటికి రాయకు, రేంజికి రాయి.

డిసెంబర్ మొదటి ఆదివారం ఇక్కడ పోటీ పెడతారు. అందులో ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఒక్క పిల్లను మా క్లబ్బు నుంచి రాష్ట్రం పోటీకి పంపుతారు. ఒక్కరినే. అక్కడ పేరు వస్తే ఆటల కోటాలో రైల్వే ఉద్యోగానికి అడగవచ్చునట. కమలకు ఇదే ఆఖరు. వచ్చే ఏడు దాని వయసు దాటిపోతుంది. అనసూజకు ఇంకా మూడేళ్ళు ఉంది. ఇది నువ్వు గుర్తు పెట్టుకుని మిగతాది చదువు.

తూటాలు అన్నీ ఒకటే అనుకునేదాన్ని. కాదట. చేసేచోట ఒక విడతలో చేసినవన్నిటికీ ఒక అంకె వేస్తారు. దానిని సార్ లాట్ అంటాడు. లోపలి మందు, సీసం, పైన పూసిన మైనం వెంట్రుకంత తేడా వచ్చినా ఆ విడత నడక మారిపోతుందట. ఈసారి రెండు పెద్ద అట్టడబ్బాలు వచ్చాయి. ఒకదాంట్లో పెట్టెల మూతల మీద అంకె చివర నలభై ఒకటి, రెండోదాంట్లో ఇరవై ఏడు.

మంగళవారం సార్ ఐదో నంబరు రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టాడు. పిల్లల చేతి తప్పు రాకుండా తానే కాల్చాడు. నలభై ఒకటి డబ్బావి పది తూటాలు కాల్చి కాగితం తెప్పించాడు. పది రంధ్రాలు ఒకే రంధ్రంలా ఉన్నాయి. పావలా బిళ్ళ పెడితే కింద దాక్కున్నాయి. తర్వాత ఇరవై ఏడు కాల్చాడు. రూపాయి బిళ్ళ పెట్టినా చుట్టూ నాలుగు బయట కనిపించాయి. నా కండ్లతో చూశాను.

బుధవారం నేను సంగారెడ్డి సర్కారు దవాఖానకు పోవలసి వచ్చింది, బీపీ చూపించుకోవడానికి. పోయేటప్పుడు కూడా మనసు ఒప్పుకోలేదు. గురువారం వచ్చి గది ఊడుస్తుంటే చూశాను. డబ్బాల మీద సార్ చీటీలు అంటించి ఉంచాడు. నలభై ఒకటి మీద 5. ఇరవై ఏడు మీద 3.

మంచివి నీ మనవరాలికి. చెదిరిపోయేవి నా మనవరాలికి.

సార్‌ను అడుగుతానంటే కమల నా రెండు చేతులూ పట్టుకుంది. "నాయినమ్మా, సార్ ఏది పెడితే నేను గదే కాలుస్త. నువ్వు లొల్లి పెట్టకు. నీ మనవరాలిని కాబట్టే రైఫిల్ ఇచ్చిండని ఇప్పటికే అంటున్రు." ఇక ఏమి అడగను?

రెండేళ్ళు కమల ఎండలో ఆ చాప మీద మోచేతులు పుండ్లు చేసుకుంది. అనసూజ వచ్చి రెండు నెలలు. కొత్త రైఫిల్ దానికే, మంచి తూటాలు దానికే, సార్ నోట మాట అదే. కంచం ముందు కూర్చుని అది నవ్వుతుంటే నాకు ముద్ద దిగడం లేదు. నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా రాయకపోతే బీపీ ఇంకా పెరుగుతుంది.

ముత్యమ్మ


నారాయణఖేడ్,
సెప్టెంబర్ 22, 1997.

అక్కకు,

కోపం రాలేదు. నవ్వు వచ్చింది. నలభై ఏళ్ళు పెద్దకోడలిగా ముందు వరుసలో ఉన్నదానివి, ఇప్పుడు రెండు నెలలు వెనుక నిలబడేసరికి బీపీ పెరిగిందా?

సార్ పల్టన్‌లో చేసినవాడు. ఎవరికి ఏది ఇవ్వాలో ఆయనకు తెలియదా? గుణం ఉన్నచోట మంచి సరుకు పెడతారు. నువ్వు కూడా సన్నబియ్యం ఎవరు వచ్చినప్పుడు వండుతావో ఆలోచించుకో.

పిల్ల ముందు ముఖం మాడ్చుకోకు. అది ప్రతి వారం నాకు రాస్తుంది.

ఆగమ్మ


లక్డారం,
అక్టోబర్ 26, 1997.

చెల్లె ఆగమ్మకు,

దసరాకు పిల్లను పంపలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. ప్రాక్టీసు ఉందని సార్ వదలలేదు. జమ్మి ఆకు నీ పేరున దేవుని గూట్లో పెట్టాను.

ఇక్కడ పనులు మంచిగా లేవు. నెల నుంచి అనసూజ కాగితాలు చెదిరిపోతున్నాయి. చుక్కకు మధ్యలో పడేది పైనా పక్కనా పడుతోంది. నేను సంతోషించానని అనుకుంటావేమో. మొదటి రెండు రోజులు, అబద్ధం ఎందుకు, కొంచెం ఊపిరి ఆడింది. కానీ కమలవి కూడా చెదిరిపోతున్నాయి. దానివి ఇంకా ఎక్కువ. ఇది ఎందుకు ఇట్లా అయిందో నాకు అర్థం కావడం లేదు. నాకు ఎట్లా అర్థమవుతుంది, నేను ఊడ్చేదాన్ని.

కమల పరేషాన్ అయిపోయింది. రోజుకు ఒకటి మారుస్తుంది. భుజానికి ఆనే చెక్కను ఒకరోజు ముందుకు జరిపింది, ఒకరోజు వెనుకకు. గురి చూసే అద్దం తిప్పింది. ఊపిరి బిగబట్టే తీరు మార్చింది. మీట నొక్కే వేలు మార్చింది. "నా చెయ్యే ఖరాబైంది నాయినమ్మా" అని పీటమీద కూర్చుని తన వేళ్ళనే చూసుకుంటుంది. చూడలేకపోతున్నాను. కోడిగుడ్డు ఉడికించి పెడుతున్నాను, తినదు.

సార్ మూడో నంబరు రైఫిల్ స్క్రూలన్నీ విప్పి బిగించాడు. గొట్టం లోపల నేను బాగా తుడిస్తే బాగుపడుతుందేమో అని సలాక పట్టుకున్నాను. ఆయన ఒక్క అరుపు అరిచాడు.

"ముట్టకు! తూటాలతోని చచ్చిన గొట్టాలు తక్కువ, సలాకతోని గీకి సంపినయే ఎక్కువ. తుడిస్తే మళ్ల పదిహేను తూటాలు కాల్చినంక గాని అది దారికి రాదు."

తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ రైఫిల్ ఇరవై ఏళ్ళదట. రిజిస్టరు లెక్కన అరవై వేల తూటాలు దాని గుండా పోయాయట. సీసం మెత్తనిది కాబట్టి ఇంకా ఎంతో కాలం రావాలి, కానీ కాగితం చూస్తే గొట్టం అయిపోయినట్టే ఉందట. డబ్బాలోని తూటాలతో ఇసుక సంచుల మీద పెట్టి తానే కాల్చినా చెదిరిపోయాయి. దానిని పట్నానికి పంపి పనికిరాదని రాయిస్తానంటున్నాడు. దాని బదులు ఇంకొకటి వచ్చే ఏడు గాని రాదు.

రైఫిల్ పోతే కమల డిసెంబర్ పోటీలో ఏమి పట్టుకుని పడుకుంటుంది?

నాకు నిద్ర లేదు. ఏదైనా తోస్తే రాయి.

ముత్యమ్మ


నారాయణఖేడ్,
నవంబర్ 3, 1997.

అక్కకు,

నాకు తుపాకుల సంగతి తెలియదు. రెండు మాటలు అడుగుతాను, జవాబు రాయి.

ఆ తుపాకుల గది ఎవరు ఊడుస్తారు? మైదాపిండి గిన్నె ఎవరి చేతిలో ఉంటుంది?

ఊరికే అడుగుతున్నాను.

ఆగమ్మ


లక్డారం,
నవంబర్ 9, 1997.

చెల్లె ఆగమ్మకు,

నీ ఉత్తరం రేంజి గేటు దగ్గరే చదివాను. నీకు ఎట్లా అనుమానం వచ్చిందో తెలియదు. నువ్వు కొత్తకోడలిగా వచ్చినప్పటి నుంచీ అంతే, మనిషి మాట్లాడకముందే పట్టేస్తావు.

నేనే మార్చాను.

నీకు ఉత్తరం రాసిన మూడో రోజు. గది ఊడుస్తుంటే ఎవరూ లేరు. కాగితాలకు వండిన మైదా ఇంకా వెచ్చగా ఉంది. తడిబట్ట పెడితే చీటీలు సులువుగా లేచివచ్చాయి. 3 అన్నది తీసి నలభై ఒకటి డబ్బా మీద అంటించాను. 5 అన్నది ఇరవై ఏడు మీద అంటించాను. రెండు నిమిషాల పని. చీటీ సార్ చేతిరాత కాబట్టి ఆయన మళ్ళీ మూతల మీది అంకె చూడలేదు. ఏ రోజుకు ఆ రోజు చీటీ చూసి పెట్టెలు ఇస్తున్నాడు. పరీక్షకు కూడా ఆ చీటీ ఉన్న డబ్బాలోంచే తీశాడు.

మంచి తూటాలు నా మనవరాలికి రావాలని చేశాను. నీ మనవరాలు కొంచెం కిందికి దిగితే దిగనీ అనుకున్నాను. కొంచెమే. కానీ కమల ఎందుకు పడిపోయిందో తెలియక పిచ్చిదానిలా తిరిగాను.

నిన్న సార్ రైఫిల్‌ను గుడ్డలో చుడుతుంటే ఉండబట్టలేక అడిగాను. "సార్, అంత మంచి తూటాలు పెట్టినా మూడో నంబరు ఎందుకు మాట వింటలేదు?"

"మంచి తూటాలేంది ముత్యమ్మా? మంచియి, చెడ్డయి అని ఉండయి. ఏ గొట్టానికి ఏది పడుతదో దానికి గదే మంచిది. నువ్వు దవాఖానకు పోయిన దినం మూడో నంబరు పెట్టి కాల్సిన. ఇరవై ఏడుతోని పదీ పావలా కింద దాగినయ్. నలభై ఒకటి పెడితే ఆడొకటి ఈడొకటి. ఐదో నంబరుకు ఉల్టా. అందుకే చీటీలు అంటించిన. గట్ల పడ్డ గొట్టం రెండు నెలల్లనే ఎట్ల సచ్చిందో నాకు సమజైతలేదు."

నేను చీపురు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. సార్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. బీపీ అనుకున్నాడు.

చెల్లే, ఆ మంగళవారం ఒక్క రైఫిల్‌ను చూశాను, బుధవారం రెండోదానిని చూడలేదు. కమలకు పడే తిండి కమల ముందునుంచి నేనే లాగేశాను.

చెబితే పని పోతుంది. నా మనవరాలి పేరు కూడా చెడుతుంది, ఇద్దరూ కలిసి చేశారంటారు. చెప్పకపోతే శుక్రవారం రైఫిల్ పట్నం పోతుంది. చీటీలు గుట్టుగా మళ్ళీ మార్చేద్దామని పోయాను. గదికి తాళం. సార్ తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాడు, తుపాకులు లెక్క పెట్టేది ఉందని.

ఏమి చేయమంటావు? తిట్టు, కానీ జల్దీ రాయి.

ముత్యమ్మ


నారాయణఖేడ్,
నవంబర్ 12, 1997.

అక్కకు,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని మా ఊరి పెద్దరాములు పటాన్‌చెరు పోతుంటే అతని చేతికి ఇస్తున్నాను. అందిన వెంటనే చదువు.

నేను అనుమానపడి పట్టలేదు. అనసూజ సెప్టెంబర్‌లోనే రాసింది. దానికి మూతల మీద అంకె చదివే అలవాటు ఉంది. నలభై ఒకటి రావలసినచోట ఇరవై ఏడు వచ్చింది, చీటీ అంచు తడిసి ముడుచుకుని ఉంది, పెద్ద నాయినమ్మ నా ముఖం చూడటం లేదు అని రాసింది. సార్‌కు చెప్పనా, నువ్వు చెప్పు అని అడిగింది.

నేను చెప్పవద్దన్నాను. నోరు మూసుకుని కాల్చు, నువ్వేమీ మార్చకు, తప్పు నీ చేతిలో లేదు అన్నాను. పెద్ద నాయినమ్మ పని పోతుంది, ఆమె అన్నం తింటున్నావు అని దానికి కారణం చెప్పాను. పిల్ల నమ్మింది. ఆ మాట నిజం కాదు.

నిజం ఏమిటంటే, నాకు తీయగా ఉండింది. అత్త ముందు, చుట్టాల ముందు నలభై ఏళ్ళు నీ చేయి మంచిది, నీ మాట మంచిది. ఆ మంచి ముత్యమ్మ దొంగచాటుగా చీటీలు పీకింది. ఎంత దూరం పోతావో చూద్దాం, పడినప్పుడు నీ నోటితోనే చెప్పిస్తాను అని కూర్చున్నాను. ఒక్కొక్క ఉత్తరం విప్పేటప్పుడు ఇందులో రాసిందా లేదా అని ముందు అదే వెతికేదాన్ని. మధ్యలో కమల ఉందని నాకు తట్టలేదు. తట్టిందేమో. పక్కకు పెట్టాను.

సార్ దగ్గరికి పో. రైఫిల్ బండి ఎక్కకముందే పో. అనసూజకు తెలుసునని మాత్రం చెప్పకు. దాని తప్పు లేదు, నాది.

ఆగమ్మ


లక్డారం,
డిసెంబర్ 9, 1997.

చెల్లె ఆగమ్మకు,

అనసూజ గెలిచింది. ఈ మాట ముందే రాసేస్తున్నాను. చివరికి పెట్టుకుంటే చేయి రాకుండా పోతుందేమో.

పెద్దరాములు ఇచ్చిన ఉత్తరం చదివి ఆ రోజే సార్ దగ్గరికి పోయాను. రైఫిల్ చెక్కపెట్టెలో పెట్టి ఉంది, మేకులు కొట్టలేదు. నిలబడి చెప్పలేక నేల మీద కూర్చుని చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. లేచి వెళ్ళి డబ్బాలు తెరిచి మూతలు చూసుకున్నాడు.

"తుపాకీని అనుమానించిన, శక్ చేసిన. మందును శక్ చేసిన. పిల్లల చేతులను శక్ చేసిన. నిన్ను చెయ్యలే ముత్యమ్మా," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడే మూడో నంబరును బయటికి తీసి ఇసుక సంచుల మీద పెట్టాడు. ఇరవై ఏడు పెట్టి కాల్చాడు. మొదటి కొన్ని అటూ ఇటూ పోయాయి, తర్వాత పది ఒక్కచోట పడ్డాయి. గొట్టం బతికే ఉంది, ఇంకా పదేళ్ళు ఉంటుంది అన్నాడు. పైవాళ్ళకు చెప్పలేదు. నన్ను గదిలోకి మాత్రం రావద్దన్నాడు. ఇప్పుడు మట్టికట్ట మీద గడ్డి పీకుతున్నాను, పిల్లలు కాల్చనప్పుడు.

కమలకు నువ్వే చెప్పాలె అన్నాడు. చెప్పాను. అది అరవలేదు. "రెండు నెలలు నాకే రాదనుకున్న నాయినమ్మా" అంది. అంతే. ఎనిమిది రోజులు మాట్లాడలేదు. తొమ్మిదో రోజు ఉప్పు అడిగింది.

పోటీ ఆదివారం పొద్దున. అరవై తూటాలు, ఒక్కొక్కదానికి పది, మొత్తం ఆరువందలు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. గాలి లేదు. సగం అయ్యేసరికి కమల ఒక పాయింటు ముందు ఉందని ఎవరో చెప్పారు. నా మనసు నీ మనవరాలు తప్పాలని కోరుకుంది, చెల్లే. ఇంత జరిగాక కూడా. దేవుడా దానిది ఒక్కటి పక్కకు పోనీ అని పైకే అన్నాను. పక్కన నిలబడిన వాచ్‌మన్ యాదన్న, "ఎవరి గురించవ్వా?" అని అడిగాడు. ఎవరి గురించీ కాదన్నాను.

ఆఖరి పది తూటాల్లో కమల ఆగింది. తుపాకీ దించింది, మళ్ళీ ఎత్తింది, భుజం సర్దుకుంది. మళ్ళీ దించింది. అనసూజ ఐదు వందల డెబ్బై ఒకటి. కమల ఐదు వందల అరవై ఎనిమిది.

సార్ బయటికి వచ్చి నా దగ్గరే నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. నాతో కాదు, గాలితో చెప్పినట్టు చెప్పాడు.

"ఇద్దరిట్ల కమల చెయ్యే మంచిది. కానీ గా రెండు నెలలు ఏది తప్పో తెల్వక అన్నీ మార్చుకున్నది. ఎనుకకు తెచ్చుకునేటందుకు మూడు వారాలు సాలలే. గా అనసూజ సూడు, కాగితం చెదిరినా ఒక్క స్క్రూ తిప్పలే. అంత ధైర్యం ఏడికెల్లి వచ్చిందో."

ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు, నీకు తెలుసు. నేను చీటీ మార్చినందుకు కమల తన చేతిని అనుమానించింది. నువ్వు ఏమీ మార్చకు అని రాసినందుకు అనసూజ అనుమానించలేదు. ఆ మూడు పాయింట్లు మనం ఇద్దరం కలిసి తెంచినవి.

నిన్న సాయంత్రం ఇద్దరికీ అన్నం పెడుతున్నాను. కమల నా ముఖం చూడకుండా అడిగింది.

"నాయినమ్మా, ఇది ఎందుకు ఏం మార్చలే? దీనికి ముందుగాల తెల్సా?"

అనసూజ చేతిలో ముద్ద కంచం మీదే ఆగిపోయింది. తల ఎత్తలేదు. నీ ఉత్తరం అప్పుడు నా రవికలోనే ఉంది. తీసి ఇస్తే చాలు. కమల సార్ దగ్గరికి పోయేది. తెలిసి దాచిన పిల్లను ఎట్లా పంపుతాడు? రెండో పేరు కమలదే. నా చేయి అక్కడిదాకా పోయింది. రవిక మీద నుంచి తీసి కూర గంటె పట్టుకున్నాను.

"నాకేం తెల్సు బిడ్డా. తిను, సల్లారుతది," అన్నాను.

అనసూజ అప్పుడు ఏడ్చింది. కమల దాని వైపు చూసి, తన కంచం తీసుకుని బయట అరుగు మీద కూర్చుని తిన్నది. దానికి అర్థమైందో కాలేదో నాకు తెలియదు. ఈ రోజు పొద్దున అనసూజ రైఫిల్ సంచి పట్టీ తెగితే కమలే కుట్టింది.

రాష్ట్రం పోటీ వచ్చే నెల. ఇరవై ఎనిమిదో తేదీన సార్ పిల్లను పట్నం తీసుకుపోతాడు. స్వెటర్ పంపు, ఇక్కడిది పలచగా ఉంది. బస్సులో చెవులకు గుడ్డ కట్టుకొమ్మని నువ్వు కూడా రాయి, నా మాట వినదు.

నీ పన్నెండో తారీఖు ఉత్తరం ఇందులోనే మడిచి పెట్టి నీకే పంపుతున్నాను. చించబోయాను, పొయ్యి దాకా పోయాను, చేయి రాలేదు. నా దగ్గర ఉంటే ఏదో ఒక పూట అనసూజ గెలిచిన మాట చెవిన పడుతుంది, నా కడుపు మండుతుంది, తీసుకుపోయి కమల చేతిలో పెడతాను. నా సంగతి నాకు తెలుసు. నువ్వే కాల్చెయ్యి. కాల్చానని రాయి.

ముత్యమ్మ